పదేళ్ల గ్యారంటీ

ఈ తాళం బిగించింది నేనే.
ఫ్రాన్స్ ఉత్తరాన, రూబే పట్నంలో, కాలవ పక్క ఎర్ర ఇటుకల మేడ,
మూడో అంతస్తు, ఎడమ చేతి తలుపు.
తొమ్మిదేళ్ల కిందట రెజిస్ దెవాల్ నా పక్కన గొంతుక్కూర్చుని
స్క్రూలు ఒక్కొక్కటే అందించాడు.
"దొంగ వెధవ ఎవడైనా దీన్ని తీయగలడా?" అన్నాడు.
"డ్రిల్లు లేకుండా దేవుడి తరం కూడా కాదు,
పదేళ్ల గ్యారంటీ" అన్నాను.

ఇవాళ డ్రిల్లు తెచ్చాను.

జూన్ నెల, మంగళవారం, పొద్దున్న ఎనిమిది.
ఆరుకి ముందు రాకూడదు, రాత్రి తొమ్మిది దాటాక రాకూడదు,
ఆదివారం అసలే కూడదు.
చట్టానికీ నిద్ర వేళ ఒకటుంది.
కోర్టు అమీనా, చిన్నపిల్లే, చేతిలో ఫైలు.
ఇద్దరు పోలీసులు. నేను.
కింది మెట్టు మీద, రెయిలింగు పట్టుకుని,
ఇంటి యజమాని ఫతీహా బెన్‌స్లిమాన్.

ముప్పై ఏళ్లు రైలు పెట్టెలు కడిగిన మనిషి.
ఆ జీతం రాళ్లతో కొన్నవి ఈ రెండు గదులు;
బ్యాంకు అప్పు ఇంకా తీరలేదు.
అద్దె ముట్టి ఇరవై ఆరు నెలలు.
"కరెంటు పీకేయ్ పిన్నీ, రాత్రికి రాత్రి తాళం మార్చేయ్"
అన్నాడట అక్క కొడుకు.
"మారిస్తే జైలుకి పోయేది మీరు" అంది లాయరు.
తన తలుపు ముందు తానే
చుట్టంలా బెల్లు కొట్టి నిలబడాలి.

అందుకని కాగితాల దారి పట్టింది.
బాకీ నోటీసు. దావా. వాయిదా.
జడ్జికి జ్వరం, మరో వాయిదా.
డిక్రీ చేతికొచ్చేసరికి నవంబరు.
నవంబరు మొదలు మార్చి ఆఖరు దాకా
ఈ దేశంలో ఎవర్నీ చలిలోకి నెట్టకూడదు.
ఆ అయిదు నెలలూ
తీర్పు సొరుగులో పడుకుంది,
రెజిస్ మంచమ్మీద పడుకున్నాడు,
ఫతీహా ఒక్కతే మేలుకుని లెక్కలు వేసింది.

రెజిస్ గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు.
గోదాము పోలండ్‌కి తరలిపోయింది,
మా తాత పొట్ట చేతపట్టుకుని వదిలొచ్చిన దేశానికే.
ఎవరి మీద కోపగించుకోవాలో
నాకు ఇప్పటికీ తెలియదు.

అమీనా మూడుసార్లు తట్టింది. పేరు చదివింది.
లోపల కుళాయి చుక్క పడుతున్న చప్పుడు.
నా వైపు చూసి తలూపింది.

ఇత్తడి రజను నా బూట్ల మీద రాలింది.
మంచి తాళం. పద్నాలుగు నిమిషాలు పట్టింది.

తలుపు తెరుచుకుంటే
ఎదురుగా కుర్చీలో రెజిస్,
జూన్ ఎండలో చలికోటు తొడుక్కుని,
పిడికిట్లో తాళంచెవి.

"చేతిలోనే ఉందిగా, తీయకపోయావా?"

"నేను తీస్తే నేను వెళ్లిపోయినట్టు.
మీరు తీస్తే నన్ను పంపేసినట్టు.
రెండూ ఒకటెలా అవుతాయి, వీల్గోష్?"

అమీనా జాబితా రాయడం మొదలుపెట్టింది:
మంచం ఒకటి. కుర్చీలు మూడు.
పావురాల పందెం కప్పులు ఏడు, విలువ లేదు.
"ఆ చివరిది గెలిచిన పిట్టని అమ్మేశాను," అన్నాడు రెజిస్,
"రెండుసార్లు తిరిగొచ్చింది."
కలం కాసేపు ఆగింది.
ఆ మాట రాయడానికి ఫారంలో గడి లేదు.

అప్పుడు ఫతీహా పైకొచ్చింది, ఆయాసంతో.
రెండేళ్ల తర్వాత తన ఇంట్లోకి అదే మొదటిసారి.
తిన్నగా వంటగదికెళ్లి
కుళాయి కింద చెయ్యి పెట్టింది.
"కారుతోందని చెప్పలేదేం?"

"అద్దె ఇవ్వనివాడు ఏ మొహం పెట్టుకుని చెప్తాడమ్మా?"

ఇద్దరూ ఆ చుక్కనే చూస్తూ నిలబడ్డారు.
పోలీసు ఒకడు గడియారం చూసుకున్నాడు.

కొత్త తాళం బిగించి మూడు చెవులు ఆవిడకిచ్చాను.
నూట ఎనభై యూరోల బిల్లు. లెక్కపెట్టి ఇచ్చింది, చిల్లరతో సహా.
గ్యారంటీ ఎన్నేళ్లని అడగలేదు. నేనూ చెప్పలేదు.

పాత సిలిండరు నా సంచిలోనే ఉంది.
దాని గ్యారంటీ
ఇంకా ఏడాది ఉంది.